బండమీది బొమ్మలు – రాగిరేకుమీది బొమ్మలు

కరీంనగరమునుండి జగిత్యాలకు, అచ్చటినుండి కోరుట్లకు పోవు బాటలో గంగాధర యను గ్రామము తగులును. దానికి చేరువనే కురిక్యాల యున్నది. ఆ యూరి పొరుగున నొక గుట్ట కలదు. జనులు దానిని బొమ్మలమ్మ గుట్ట యందురు. బొమ్మలగుట్ట యనియు వాడుక. పేరే సంగతి చెప్పుచున్నది. గుట్టమీది బండ ముఖమున జినమూర్తులును, చక్రేశ్వరీదేవి మూర్తియు చెక్కబడి యున్నవి. ఆ మూర్తులతో కూడ పదునొకండు పంక్తుల శాసన మొకటి కలదు. దారిన పోవువారిలో నూటికొక్కరైనను దిగి చూతురో లేదో తెలియదు. కాని తెలుగు పద్యము పుట్టుపూర్వోత్తరములు విచారించువారు చూడక తప్పని చోటులలో ఇది యొకటి.

శాసనములు సాధారణముగా రాజుల మాట చెప్పును. ఏ రాజు ఏ యేట ఎవరికి ఎంత భూమి నిచ్చెనో, ఆ దానమును చెరచినవారికి ఏ పాపము తగులునో చెప్పి ముగించును. ఈ బండ చెప్పునది రాజు మాట కాదు. ఒక కవి కుటుంబము మాట. చెక్కించినవాడు జినవల్లభుడు. అతని యన్న పంపకవి. కన్నడ భాషలో ఆదికవిగా పూజలందుకొనుచున్న పంపడే యీ పంపడు. అన్న కావ్యము వ్రాసెను. తమ్ముడు కొండమీద బొమ్మలు చెక్కించి, వాని దాపున తమ వంశము, అన్న కీర్తి, తన ధర్మకార్యములు లిఖింపించెను. కవికిని శిల్పమునకును గల చుట్టరికమునకు ఇంతకన్న దగ్గరి యుదాహరణము మన ప్రాంతమున దొరకదు. ఇచ్చట ఆ చుట్టరికము మాటవరుసకు కాదు, నెత్తుటి చుట్టరికమే.

పంపడు పుట్టినది 902వ సంవత్సరము. ఆయన పూర్వులు వేంగినాటివారు. వంగిపర్రు వారి యూరు. కమ్మనాటి బ్రాహ్మణ కుటుంబము. తండ్రి భీమపయ్య జైనమతము నవలంబించెను. తల్లి పేరు అబ్బణబ్బ. ఆమె కన్నడ దేశమున బెళ్వొల నాటి అణ్ణిగేరివారి యాడుబిడ్డ. తల్లి పేరు ఇది యనియు, కవికి జినవల్లభుడను తమ్ము డొకడు కలడనియు మనకు చెప్పినది ఈ బండయే. కృష్ణాతీరపు తండ్రి, ధార్వాడ దిక్కు తల్లి, కాపురము తెలంగాణమున! ఈ కుటుంబమును ఏ భాషవారు తమదని గిరిగీసికొనగలరు? కన్నడమువారికిని తెలుగువారికిని ఈ విషయమున అప్పుడప్పుడు మాటలు పెరుగుట కలదు. నా మట్టుకు నాకు ఆ తగవు అనవసరమని తోచును. పంపని కావ్యములుగా మనకు దక్కినవి రెండును కన్నడములే. 1987 మొదలు కర్ణాటక ప్రభుత్వము ఆయన పేరిట సాహిత్య పురస్కార మొసగుచున్నది. తొలి పురస్కారము కువెంపుగారికి దక్కినది. కవి వారివాడు. కాని కవిని పోషించిన రాజధాని, కవి కుటుంబము చెక్కించిన కొండ మన నేలమీద నున్నవి. వానిని కాపాడు భారమును మనదే.

ఆ రాజధాని వేములవాడ. సిరిసిల్లనుండి కరీంనగరము దిక్కుగా వచ్చునపుడు అల్లంత దూరముననే తగులును. నేడు రాజరాజేశ్వరుని సన్నిధికి వచ్చు యాత్రికులతో కిటకిటలాడు ఆ యూరు పదవ శతాబ్దిలో చాళుక్యశాఖ యొకదానికి ఏలుబడిపట్టు. వీరు మాన్యఖేటపు రాష్ట్రకూటులకు సామంతులు. సామంతులే కాని సామాన్యులు కారు. ఈ వంశపు బద్దెగుడు నలువదిరెండు యుద్ధములలో గెలిచెనని ప్రతీతి. నరసింహుడు ఉత్తరదేశమునకు దండెత్తి ఘూర్జర ప్రతీహార మహీపాలుని ఓడించి, గంగాసంగమమున తన గుఱ్ఱములకు నీళ్లు త్రాపెనని పంపడు వర్ణించెను. ఆ నరసింహుని కుమారుడు రెండవ అరికేసరి. ఇతడు పంపని యేలిక.

పంపడు 941లో ఆదిపురాణము ముగించెను. ఇది ప్రథమ తీర్థంకరుడైన వృషభనాథుని కథ. తరువాత విక్రమార్జున విజయము వ్రాసెను. దీనినే పంపభారతము అందురు. ఇందులో కవి చేసిన సాహస మొకటి కలదు. అర్జునుడును, తన రాజగు అరికేసరియు ఒక్కరే యన్నట్లు కథ నడపెను. అందువలన ద్రౌపది అయిదుగురికి కాక అర్జును నొక్కనికే భార్య కావలసివచ్చెను. కడపట సుభద్ర పట్టమహిషి యయ్యెను. వ్యాసుడు విన్న నేమనునో కాని, అరికేసరికి మాత్రము మనసు నిండినది. ధర్మవురమను అగ్రహారమును కవికి ధారపోసెను. ఆ దానము మాట కవి తన కావ్యమున చెప్పుకొనెను. తమ్ముడు బండమీద చెక్కించెను. ఒకే సంగతికి తాటాకు సాక్ష్యము, రాతి సాక్ష్యము రెండును దొరకుట చరిత్రకారునకు పండుగవంటిది.

ఈ ధర్మవుర మెక్కడిది? జగిత్యాలకు ఆవల గోదావరి యొడ్డుననున్న ధర్మపురియే అని కొందరి యభిప్రాయము. పేరు వినగానే మనకును అట్లే తోచును. ధర్మపురి గొప్ప క్షేత్రము. నరసింహస్వామి వెలసిన చోటు. నరసింహ శతకము చెప్పిన శేషప్పకవి యూరు. పంపనికి అచ్చట అగ్రహారము దొరకెనన్న కథ అందముగానే యుండును. అయితే శాసనమే మనకు అడ్డుపడుచున్నది. సబ్బినాటి నట్టనడుమనున్న ధర్మవురమునకు ఉత్తరపు దిక్కున వృషభగిరి యున్నదని శాసనము చెప్పుచున్నది. వృషభగిరి యనగా ఈ బొమ్మలగుట్టయే. గోదావరియొడ్డు ధర్మపురి గుట్టకు ఉత్తరమున నున్నది కాని దక్షిణమున లేదు. దిక్కులు మారవు గదా! కావున పంపని ధర్మవురము గుట్టకు దక్షిణముగా, చేరువలోనే యుండి, కాలక్రమమున పేరు మాసియుండవలెను. పేరు పోలికనుబట్టి చరిత్ర వ్రాయుట ఎంత జారుడు మెట్టో దీనివలన తెలియును.

ఇక జినవల్లభుని కార్యములు. గుట్టమీద జినబింబములు, చక్రేశ్వరి మూర్తి చెక్కించెను. త్రిభువనతిలకమను పేర బసది కట్టించెను. మదనవిలాసమను తోట వేయించెను. ఒక చెరువు త్రవ్వించి దానికి కవితాగుణార్ణవమని పేరు పెట్టెను. ఈ చెరువు పేరు దగ్గర కొంచె మాగవలెను. కవితాగుణార్ణవుడన్నది పంపని బిరుదము. అరికేసరికి గుణార్ణవుడని బిరుదము; కవికి అదే మాట కవితతో జోడింపబడినది. చెరువులకు రాజుల పేళ్లు, రాణుల పేళ్లు, దేవుళ్ల పేళ్లు పెట్టుట ఎఱుగుదుము. కవి బిరుదమును చెరువునకు పెట్టినవారు మన చరిత్రలో నెందరున్నారు? అర్ణవ మనగా సముద్రము. చెరువునకు సముద్రము పేరు పెట్టుట మన పల్లెలలో వాడుకయే. తమ్ముని చమత్కారము ఇందున్నది: పైరుకు నీరు పాఱినప్పుడెల్ల అన్న పేరు జనుల నోట నానును.

మూర్తులను గూర్చి ఒక్కమాట. చక్రేశ్వరి వృషభనాథుని శాసనదేవత. గరుడుడు ఆమెకు వాహనము, చక్రములు ఆమె ఆయుధములు. జైనమెఱుగనివారు చూచినచో వైష్ణవదేవతయే యని భ్రమింతురు. వృషభనాథుని లాంఛనము ఎద్దు. కొండకు వృషభగిరి యను పేరు అందువలననే. పంపని ఆదిపురాణము ఈ వృషభనాథుని కథయే యని ఇంతకు ముందే చెప్పితిని. అన్న ఏ దేవుని కథ కావ్యముగా చెప్పెనో ఆ దేవుని కొండమీదనే తమ్ముడు ఉలి పట్టించినాడు. కావ్యము చూచి శిల్పి చెక్కెనని రుజువు లేదు. ఆ మాట నేననను. కాని ఒకే ఇంట ఒకే తరమున ఒకే దేవుని కథ ఒకచోట పద్యమును, ఒకచోట రాతిబొమ్మయు నైనదనుట మాత్రము నిజము.

తెలుగువారికి అన్నిటికంటె ముఖ్యమైనది శాసనములోని భాష. ఇందు సంస్కృతము కలదు, కన్నడము కలదు, తెలుగు కలదు. తెలుగు భాగము మూడు కందపద్యములు. శాసనకాలము సుమారు 945 అని పండితుల లెక్క. నన్నయభట్టు రాజరాజనరేంద్రుని కొలువున భారతము చేపట్టుటకు ఇది నూరేండ్ల ముందటి మాట. నన్నయకు ముందు తెలుగు పద్యము లేదను వాదము ఏనాడో వీగిపోయినది. 848 నాటి పండరంగని అద్దంకి శాసనమున తరువోజ కలదు. యుద్ధమల్లుని బెజవాడ శాసనమున మధ్యాక్కరలు కలవు. అవి దేశిచ్ఛందస్సులు. కందమో, మన ప్రబంధములకు, శతకములకు, అవధానములకు నిత్యావసరమైన పద్యము. ఆ కందము మూడు నిండు పద్యములుగా, నడక తడబడకుండ, పదవ శతాబ్దిలో కరీంనగరు కొండమీద వెలసినది. ఒక పద్యమున జినభవనములెత్తించుటయందును, జినపూజలయందును, జినమునులకు దానమిచ్చుటయందును జినవల్లభునకు సాటి యెవ్వరని ప్రశ్న. మఱియొక పద్యమున లోకులకు గుణములు ఒక్కొక్కటిగా నుండునేమో కాని, ఇతని గుణములు లెక్కింపబోయిన లక్ష దాటునని పొగడ్త. పొగడ్తయే, కాదనను. కాని ఆ లెక్కలో, ఆ ప్రాసలో వినిపించు తెలుగు మాట చూడుడు: నేటి రైతునకు చదివి వినిపించినను సగము తెలియును.

ఈ కందములు తెలుగున నెందుకు చెక్కించెను? కొలువుభాష కన్నడము, శాస్త్రభాష సంస్కృతము. రాజునకు చెప్పవలసినది కన్నడమున చెప్పినాడు. దేశదేశముల జైనపండితులకు చెప్పవలసినది సంస్కృతమున చెప్పినాడు. కొండ క్రింద నాగలి పట్టినవారికి చెప్పవలసినది తెలుగున చెప్పినాడు. వేఱు కారణము నాకు తోచుట లేదు. సబ్బినాటి జనులు తెలుగువారు గాకున్న ఈ మూడు పద్యములకు అచ్చట పని యేమున్నది? తెలుగునకు, కన్నడమునకు ప్రాచీన భాషలుగా కేంద్ర ప్రభుత్వపు గుర్తింపు ఒక్కమారే 2008లో వచ్చినది. ఈ బండమీద ఆ రెండు భాషలు ప్రక్కప్రక్కన ఒక సంసారమువలె నున్నవి.

శిల్పమునకు కవియు, కవికి శిల్పమును తోడగుట మనదేశమునకే చెల్లిన సంగతి కాదు. పదునెనిమిదవ శతాబ్దిలో లండను నగరమున జాన్ గే యను కవి యుండెను. ఇతడు నాటకకర్త కూడ. 1728 జనవరి 29వ తేదీన ఇతని ‘బెగ్గర్స్ ఆపెరా’, అనగా బిచ్చగాని సంగీతనాటకము, లింకన్స్ ఇన్ ఫీల్డ్స్ రంగశాలలో ప్రదర్శింపబడినది. దొంగలు, దొంగసొత్తు కొనువారు, చెఱసాల అధికారి, వారి కూతుళ్లు ఇందలి పాత్రలు. పాటలు జనుల నోట నాడు వీధిబాణీలు. దొంగలను చూపి దొరలను వెక్కిరించుట ఇందలి పోకడ. ప్రధానమంత్రి వాల్పోలును ఉద్దేశించినదే యని అందఱును ఎఱుగుదురు. తొలి యేట అఱువదిరెండు మారులు ఆడిన దీ నాటకము. ఆ కాలమున అది వింత. మన తోలుబొమ్మలాటలలో బంగారక్క, కేతిగాడు ఊరిపెద్దను ఎత్తిపొడిచినపుడు జనులు ఎట్లు నవ్వుదురో లండనువారును అట్లే నవ్విరి. దీని తరువాయి నాటకమైన ‘పాలీ’ని ఆడరాదని ప్రభుత్వము నిషేధించెను. అచ్చువేయగా జనులు ఎగబడి కొనిరి; ఆడిన నాటకముకంటె ఆడని నాటకమే కవికి ఎక్కువ డబ్బు తెచ్చిపెట్టినది.

నాటకము పేరు మోసిన తోడనే బొమ్మలవారు దానిపై బడిరి. పాలీ వేషము వేసిన లవీనియా ఫెంటన్ అను నటి రూపపటములు అచ్చుపడి అంగళ్లలో అమ్ముడుపోయినవి. పాటలను విసనకఱ్ఱలమీద ముద్రించి దొరసానులు చేత పట్టిరి. ఇండ్లలో అడ్డుతెరలమీదికి నెక్కించిరి. విలియం హోగార్తు అను చిత్రకారుడు చెఱసాల ఘట్టమును తైలవర్ణములతో చిత్రించెను. ఒకమారు కాదు, 1728 మొదలు 1731 లోపల మార్చి మార్చి పలుమారులు చిత్రించెను. చిత్రమధ్యమున సంకెళ్లతో దొంగనాయకుడు మెక్‌హీతు నిలిచియుండును. ఇరుప్రక్కల ఇద్దఱు స్త్రీలు, తమ తండ్రులయెదుట మోకరిల్లి వాని ప్రాణములు కాపాడుమని వేడుచుందురు. రంగస్థలము మీదనే ఇరువంకల గొప్ప గొప్ప ప్రభువులు కూర్చుండి చూచుచుందురు. వారిలో బోల్టన్ డ్యూకు కలడు. అతని చూపు లవీనియా మీదనే నిలిచియున్నట్లు హోగార్తు వ్రాసెను. చిత్రకారుడు కల్పించిన చూపు కాదది. ఆ డ్యూకు ఆమెతో వెడలిపోయి, భార్య చనిపోయిన పిమ్మట 1751లో ఆమెను పెండ్లాడెను. నాటకము లోపలి కథ, వెలుపలి కథ ఒకే పటమున చేరినవి.

పటము ఒకరి యింట గోడమీద నుండును. అచ్చుబొమ్మ వేయి యిండ్లకు పోవును. హోగార్తు ఈ మర్మ మెఱిగినవాడు. అతని బొమ్మలను ఇతరులు దొంగతనముగా చెక్కి అచ్చొత్తి అమ్ముకొనుచుండ సహింపక, తోడి చిత్రకారులతో కలిసి పార్లమెంటున కెక్కి 1735లో చట్టము చేయించెను. చెక్కడపు బొమ్మకు పదునాలుగేండ్ల హక్కు దానివలన కలిగినది. దొంగల నాటకమును చిత్రించినవాడే బొమ్మల దొంగలమీద చట్టము తెచ్చుట విశేషమే. ఇక ఆ చెఱసాల చిత్రమును రాగిరేకుమీద చెక్కినవాడెవడనుకొన్నారు? విలియం బ్లేకు. తరువాతి కాలమున మహాకవిగా పేరుగాంచిన బ్లేకు అప్పుడు కూలికి రేకులు చెక్కి పొట్టపోసికొనుచుండెను. ఆ ముద్ర 1790లో వెలువడినది. 1793లో గే కవి నీతికథల పద్యములు డెబ్బది బొమ్మలతో మరల అచ్చుపడగా అందు పండ్రెండు బ్లేకు చెక్కినవే. ఒక కవి పద్యములకు వేఱొక కవి బొమ్మ చెక్కుట! ఇదియు ఒక విధమైన అన్నదమ్ముల వరుసయే.

గే 1732లో మరణించెను. వెస్ట్ మినిస్టర్ ఆబీలో అతనిని పాతిపెట్టిరి. రైస్‌బ్రాక్ అను శిల్పి స్మారకము చెక్కెను. క్వీన్స్‌బెరీ ప్రభు దంపతులు వ్యయము పెట్టుకొనిరి. స్నేహితుడైన పోపుకవి పద్యము వ్రాసెను. బ్రతుకే ఒక పరిహాసమను భావము గల గే స్వంత ద్విపదయు దానిమీద చెక్కబడినది. అయితే 1936లో ఆ స్మారకమును అచ్చటినుండి తొలగించి పై అంతస్తునకు చేర్చిరి. కారణము, అది నిలిచిన గోడమీద పదుమూడవ శతాబ్ది నాటి వర్ణచిత్రములు మఱుగుపడి యున్నట్లు తెలియుట. కవి స్మారకము వెనుక ఇన్నాళ్లు బొమ్మలు దాగియుండెనన్న మాట. మన కురిక్యాలలో అట్టి మార్పునకు వీలులేదు. అచ్చట బొమ్మయు, పద్యమును, కొండయు ఒక్కటే.

అచ్చు సంగతి వచ్చినది కావున పనివాని మెలకువ కొంచెము చెప్పవలెను. రాగిరేకుమీద ఉలితో గీతలు లోతుగా చెక్కుదురు. సిరా పూసి పైభాగము తుడిచివేసిన, గీతల లోతులలో మాత్రము సిరా నిలుచును. తడిపిన కాగితము పైనబెట్టి రోలర్ల నడుమ త్రిప్పగా కాగితము గీతలలోనికి దిగి సిరాను పీల్చుకొనును. కుడియెడమలు తారుమారై పడును గనుక చెక్కువాడు అద్దములోవలె తలక్రిందుగా ఆలోచింపవలెను. శాసనపు ముద్ర తీయు పద్ధతి దీనికి సరిగా ఎదురు. బండను కడిగి, తడికాగితము పఱచి, గట్టి కుంచెతో అద్దుదురు. కాగితము అక్షరముల గుంటలలోనికి ఒదుగును. కొంచె మారిన పిమ్మట మసిసిరా తడిపిన బట్టయుండతో పైపైన తట్టుదురు. రాతి పైభాగము నల్లగను, అక్షరములు తెల్లగను తేలును. కాగితము వెనుకవైపునకు కాక పైవైపునకే సిరా తగులును గనుక అక్షరములు తిన్నగానే యుండును. రాగిరేకున చెక్కినది నలుపగును. రాతిలో చెక్కినది తెలుపగును. తేడా ఇంతే. బ్లేకు తన స్వంత కవితలకు వాడుకొన్న పద్ధతి మూడవది: అక్షరములు తప్ప తక్కిన రాగి నంతయు ఆమ్లముచే కరగించి, ఎత్తుగా మిగిలిన అక్షరములకు సిరా పూయుట.

కురిక్యాల పద్యములు లోకమున ప్రాకినది ఈ మసిసిరా కాగితముల మూలముననే. వేయి సంవత్సరములు ఆ బండ అచ్చటనే యుండెను. దాని ముందు పశువులు మేసినవి, ఏలుబడులు మారినవి. పంపని పేరు కన్నడదేశమున తాళపత్రములలో నిలిచినది కాని ఈ కొండను తలచినవారు లేరు. లిపి మారిపోవుటచే ఆ యూరివారికే అక్షరములు అయోమయమైనవి. బొమ్మలు మాత్రము బొమ్మలుగా నిలిచి, గుట్టకు పేరిచ్చినవి. ఇరువదవ శతాబ్దిలో శాసనపరిశోధకులు ముద్రలు తీసి చదివిన పిమ్మట కన్నడ పండితులు కవి తల్లిని కనుగొనిరి, తెలుగు పండితులు కందమునకు పూర్వికులను కనుగొనిరి. పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు సంతరించిన కరీంనగరు జిల్లా శాసనసంపుటము 1974లో వెలువడినది. ఈ ప్రాంతమునకు ఎంత చరిత్ర కలదో ఆ సంపుటము తిరుగవేసినవారికి తెలియును.

గంగాధర మాటయు ఒకటి మిగిలినది. పంపడు అరికేసరి కొలువున వెలిగినట్లే, అరికేసరి కుమారుడు వాగరాజు ఏలుబడిలో సోమదేవసూరి యను జైనాచార్యుడు సంస్కృతమున యశస్తిలకచంపువు ముగించెను. ముగించిన చోటు గంగాధర, సంవత్సరము 959. పిండితో చేసిన కోడిని బలి ఇచ్చిన పాపమునకే యశోధర మహారాజు జన్మజన్మలు మృగపక్షి రూపములెత్తి బాధపడుట ఇందలి కథ. ఇదే కథను చెప్పిన ఇతర జైనగ్రంథములకు ఉత్తరదేశమున రంగుల బొమ్మలతో వ్రాతప్రతులు తయారైనవి. 966 నాటి పర్భణి తామ్రశాసనము వేములవాడలో బద్దెగుడు కట్టించిన శుభధామ జినాలయమునకు గ్రామదానము జరిగినట్లు చెప్పుచున్నది. ఆ జినాలయము సోమదేవునికై కట్టినది. ఇరువది, ఇరువదియైదు సంవత్సరముల లోపల, నేటి సిరిసిల్ల, కరీంనగరు జిల్లాల నడుమ నొక చిన్న మండలమున కన్నడ మహాకావ్యము, సంస్కృత చంపువు, తెలుగు కందములు పుట్టినవన్న మాట.

జైనము వెనుకబడిన పిమ్మట ఈ సీమలో బొమ్మయు కథయు కలిసియుండు అలవాటు పోలేదు, రూపు మార్చుకొన్నది. సిరిసిల్ల నేతకారుల ఊరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణము, భావనాఋషి కథ చెప్పు కూనపులివారు బట్టమీద వ్రాసిన పటము పట్టుకొని ఊరూర తిరుగుదురు. నకాషీ చిత్రకారులు బట్టకు గంజి, సుద్ద, బంక పట్టించి, ఎఱ్ఱని నేలమీద గడులు గడులుగా కథ వ్రాయుదురు. పటమును నిలువుగా వ్రేలాడదీసి, గడి తరువాత గడి విప్పుచు పాడుదురు. హోగార్తు బొమ్మలను వరుసగా వ్రాసి ఒక జీవితకథ చెప్పిన పద్ధతి లండనువారికి క్రొత్తగా తోచినది. మన నేతవాడలలో అది పాత సంగతి. అయితే పటము చెప్పు కథ కులమంతటిది. కురిక్యాల బండ మాత్రము పేరు గల కవిని, పేరు గల తమ్ముని, తల్లిని, తండ్రిని చూపించును.

ఇప్పుడు కొంత కటువైన మాట. కరీంనగరు సీమలో గ్రానైటు త్రవ్వకము విరివిగా సాగుచున్నది. గుట్టలు దిమ్మెలు దిమ్మెలుగా తెగి ఓడలెక్కుచున్నవి. బొమ్మలగుట్టను గూర్చియు ఆ భయము పలుమారులు వినవచ్చినది. గుట్ట మొత్తము తెగనక్కరలేదు. సమీపమున ప్రేలుళ్లు జరిగి బండ బీటవారినను చాలును. జినమూర్తి ముఖమో, కందపద్యపు నడిమి పాదమో రాలిపోవును. రాగిరేకు అరిగినచో మరల చెక్కవచ్చును. బ్లేకు ముద్ర చిరిగినచో వేఱొక ప్రతి వేఱొక మ్యూజియమున దొరకును. ఈ బండకు ప్రతి లేదు. మసిసిరా కాగితముమీద అక్షరములు నిలుచును కాని జినవల్లభుడు చెక్కించిన చక్రేశ్వరి నిలువదు. గుట్ట చుట్టు హద్దురాళ్లు నాటి, ఇంత దూరములో త్రవ్వరాదని పలక పెట్టి, బండ యెదుట శాసనపాఠమును నేటి తెలుగు లిపిలో వ్రాసిపెట్టుటకు గొప్ప ధనము కావలసిన పని లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠశాలల పిల్లలు వేములవాడ యాత్రకు పోవుచునే యుందురు. ఆ బస్సు కురిక్యాలలో ఒక గంట నిలిచిన చాలును. కవితాగుణార్ణవమను చెరువు ఏదై యుండునో వారే వెదకి చూడవచ్చును.